రెండు దెబ్బల ప్రశ్న

కమిటీ పెద్దలారా, తప్పు మీది. ఒకే రోజు, ఒకే మైదానంలో, ఒకే గుంపులో ఇద్దరు మనుషులు ఒకే ప్రశ్న అడిగారు. చేపలు కోసే ఎఫీ గెడెస్ అడిగితే అది తప్పయింది, ఆమె కార్డు మీద రెండు దెబ్బలు పడ్డాయి. బ్యాంకు మేనేజరుగా చేసి రిటైరైన ఏచిసన్ గారు అడిగితే అది మర్యాదయింది, ఆయన పేరు మీ గోడ మీద బంగారు అక్షరాల్లో ఎక్కింది. రెండుసార్లూ అడిగింది నన్నే. నాకు మీరు పంపిన ఉత్తరంలో 'వాట్ మెల్డ్రమ్ జ్ఞాపకం మీద ఆధారపడలేము' అని ఒక వాక్యం ఉంది. సరే. నా జ్ఞాపకం ఎంతుందో మొదటినుంచీ చెబుతాను. ఊరంతా చదవనివ్వండి.

మీ ఇరవై నియమం దగ్గరే మొదలుపెట్టాలి. గోల్ఫ్‌లో ప్రతి ఆటగాడికీ ఒక అంకె ఉంటుంది. ఆట బాగుపడేకొద్దీ అది దిగుతుంది; కొట్టిన దెబ్బల్లోంచి దాన్ని తీసేస్తే ఎవరికి తక్కువ మిగిలితే వాళ్లదే గెలుపు. పోయినేడు సెప్టెంబరులో మీరు బోర్డు మీద కాగితం అంటించారు. ఏడాది గడువిచ్చి, ఈ అక్టోబరు నుంచి, చలికాలమంతా, శనివారం పదకొండు లోపు ఆడాలంటే గుంపులో కనీసం ఒకరి అంకె ఇరవైకి మించకూడదు. కారణం కూడా రాశారు. చేతకానివాళ్లు నెమ్మదిగా ఆడి దారి మూసేస్తున్నారట.

దారి మూసేది ఎవరు? ఎఫీ, ఆమెతోపాటు మా చేపల ఫ్యాక్టరీలో కత్తి పట్టే ఇంకో ముగ్గురు ఆడవాళ్లు ఎనిమిదీ పదికి మొదలుపెట్టి పదకొండూ ఇరవైకల్లా పద్దెనిమిది హోల్స్, అంటే పద్దెనిమిది గుంటల ఆట, ముగించేవాళ్లు. ముగించక తప్పదు, పన్నెండుకి ఎఫీ చేపల వేపుడు కొట్లో నిలబడాలి. ఏచిసన్ గారి గుంపుకి నాలుగు గంటలు పడుతుంది. గ్రీన్ మీద, అంటే గుంట చుట్టూ ఉండే నున్నటి గడ్డి మీద, పోచ పోచకీ వంగి చూస్తారు.

వారంలో అయిదు రోజులూ ఆడవాళ్ల షిఫ్టు ఏడు నుంచి నాలుగు. చలికాలం నాలుగుకి ఆర్డీ ఊళ్లో చీకటి. ఆదివారం మైదానంలో గోల్ఫ్ లేదు, ఆ రోజు అది కుక్కలదీ పిల్లలదీ. ఇక మిగిలింది శనివారం పొద్దున. అదే మీరు తీసుకున్నారు. ఎవరి పేరూ రాయకుండా, ఒక్క అంకె రాసి.

కాగితం పడిన మర్నాడు టీ వేళలో ఆ నలుగురూ నా రిపేరు గదిలోకొచ్చారు. నేను ఫ్యాక్టరీలో మోటార్లు బాగుచేస్తాను, యూనియన్ పని చూస్తాను, పద్నాలుగేళ్ల వయసు నుంచీ గోల్ఫ్ ఆడుతున్నాను. నా అంకె తొమ్మిది. నేను వాళ్లతో కలిస్తే గుంపు నియమం తీరిపోతుంది గదా అన్నాను. శనివారం పొద్దున నీకు డ్యూటీ ఉంది గదా, మర్చిపోయావా అన్నారు. నిజమే. చలికాలమంతా శనివారాలు యంత్రాలు కడిగే రోజు, నేను ఉండాలి. కాబట్టి వాళ్లలోనే ఒకరు ఇరవైకి దిగాలి. ఎవరు? నలుగురిలో నెట్టా ముందే చేతులెత్తేసింది.

"నా బంతి కన్నా నా కత్తి కింద తెగిన హాడాక్ చేప తలకాయ దూరం ఎగురుతుంది. నన్నొదిలేయండి."

మిగతా ఇద్దరిదీ అదే మాట. ఎఫీ అంకె అప్పటికి ఇరవై ఏడు, అందరిలోకీ తక్కువ. ఏడాదిలో ఏడు దిగాలి. ఆమెకి యాభై నాలుగేళ్లు. మొగుడు పోయి ఆరేళ్లు. ముప్పై ఏళ్లుగా మంచునీళ్లలో చేతులు పెట్టి పనిచేసిన మనిషి. నా బల్ల మీద కూర్చుని, నావైపు అదోలా చూసింది.

"ఏమయ్యా వాట్, యూనియన్ పెట్టి మాకు ఇంకో పది నిమిషాలు టీ సెలవు కూడా తెప్పించలేకపోయావు. ఇదైనా చేసిపెట్టు."

చేస్తానన్నాను. ఆటే ఎందుకు, వేరే ఏదైనా కాలక్షేపం లేదా అని కూడా అడిగాను, తెలివితక్కువగా. ఆమె తన రెండు చేతులూ తిప్పి చూపించింది. వారమంతా ఇవి ఎవరి చేతులో నాకే తెలియదు, శనివారం పొద్దున ఆ మూడు గంటలూ మాత్రం నావి, అంది. మళ్లీ ఆ ప్రశ్న నేను అడగలేదు.

ముందు లెక్క తీశాం. వరసగా నాలుగు వారాలు ఆమె కొట్టిన ప్రతి దెబ్బా ఎక్కడ పడిందో రాశాను. నూటికి అరవై దెబ్బలు జెండాకి వంద అడుగుల లోపలే పోతున్నాయి. అయినా ఆమెకి దూరం కొట్టాలనే యావ. అందరికీ అదే యావ. దూరం పోయిన బంతిని నలుగురూ చూస్తారు, దగ్గర పడిన బంతిని ఎవరూ చూడరు. ఆమె సంచిలోంచి అన్నిటికన్నా పొడుగు కర్ర తీసి నా గదిలో మోటార్ల వెనక దాచేశాను. ఏప్రిల్ దాకా ఇవ్వలేదు. దొంగ వెధవ అని నన్ను తిట్టింది, నా టీలో ఉప్పు కలిపింది. ఇవ్వలేదు.

ఫ్యాక్టరీ వెనక, ఖాళీ చేపల పెట్టెలు పేర్చే చోట, ఒక పెట్టెలో తడి ఇసుక పోసి పెట్టాం. ఇరవై అడుగుల నుంచి అందులో బంతి పడెయ్యాలి. టీ వేళలో పది, షిఫ్టయ్యాక ముప్పై. తల ఎత్తకూడదు. అదే ఆమె జబ్బు. కొట్టీ కొట్టకముందే బంతి ఎటు పోయిందోనని తల ఎత్తేది, బంతి ఇంకెటో పోయేది. పెట్టెలో బంతి పడిన చప్పుడు వినపడేదాకా నేలనే చూడమన్నాను. కంటితో కాదు, చెవితో ఆడు అన్నాను.

కర్ర పట్టు మాత్రం నేను నేర్పలేదు. జనవరిలో ఒకరోజు తనే వచ్చి చెప్పింది. కత్తి గట్టిగా పట్టుకుంటే చేప చిరిగిపోతుంది, వేళ్లతో ఆనించి వదిలేస్తే కత్తే దారి వెతుక్కుంటుంది, కర్ర కూడా అంతే అని. నలభై ఏళ్లుగా ఆడుతున్నాను, నాకీ సంగతి ఒక్కరూ ఇంత తిన్నగా చెప్పలేదు. ఆ వారంలో ఆమె అంకె మొదటిసారి దిగింది.

ఇంకోటి నేర్పాను. అదే మా కొంప ముంచింది.

ఆర్డీలో గాలి గంటకోలా ఉంటుంది. గాలికి ఎదురుగా బలంగా కొడితే బంతి పైకి లేచి వెనక్కొస్తుంది. పెద్ద కర్ర తీసుకుని మెల్లగా కొట్టాలి. కర్రల మీద అంకెలుంటాయి, అంకె చిన్నదైతే దెబ్బ దూరం పోతుంది. ఏ గాలికి ఏ కర్ర అని తేల్చుకోవడం సగం ఆట. అందుకని ఎఫీకి ఒక అలవాటు పెట్టాను. ప్రతి దెబ్బకీ ముందు నోటితో అడగమన్నాను. "ఆరా, అయిదా?" మొదట్లో నేను జవాబు చెప్పేవాణ్ణి. ఎండాకాలం వచ్చేసరికి నువ్వేమంటావని ఎదురు అడిగేవాణ్ణి. ఆమె తేల్చుకునేది, పదికి తొమ్మిదిసార్లు సరిగ్గానే. జవాబు నా నోటి నుంచి ఆమె నోటికి మారింది. అడగడం మాత్రం అలాగే మిగిలింది.

పోటీలో అది నిషిద్ధం. కర్ర గురించి తోటి ఆటగాణ్ణి సలహా అడిగితే అడిగినవాడికి రెండు దెబ్బలు, చెప్పినవాడికి రెండు దెబ్బలు. నాకు నియమాల పుస్తకం కంఠతా. యజమానులతో వాదించేవాడికి పుస్తకాలు కంఠతా ఉండాలి. అయినా ఆ అలవాటు మాన్పించాలని నాకు తట్టలేదు. ఎండాకాలమంతా గుంపులకి తీసిన చీటీల్లో ఒక్క పోటీలోనూ ఆమె నా గుంపులో పడలేదు. నేను లేనిచోట ఆమె ఎవర్నీ అడగలేదు. ఆ అలవాటు నేను పక్కనుంటేనే పలుకుతుంది.

సెప్టెంబరుకి ఎఫీ అంకె ఇరవై ఒకటి. మిగిలింది ఒక్క పోటీ, సెప్టెంబరు ఆఖరి శనివారం జరిగే సీజన్ ముగింపు పోటీ. అందులో తొంభై ఒకటిగానీ అంతకు తక్కువగానీ కొడితే ఇరవై. తొంభై రెండు కొడితే ఇరవై ఒకటే. నలుగురు ఆడవాళ్ల చలికాలం ఆ ఒక్క దెబ్బ మీద ఉంది.

గురువారం మీరు చీటీలు తీసి గుంపులు అంటించారు. తొమ్మిదీ నలభైకి ఏచిసన్, మెల్డ్రమ్, మిసెస్ గెడెస్. ఎఫీ బోర్డు ముందు చాలాసేపు నిలబడింది.

"ఈ చీటీలు తీశారా, వండి వడ్డించారా?" అని నన్నడిగింది.

ఇరవై నియమం రాసిన చెయ్యి ఏచిసన్ గారిదే. అంకెల పుస్తకం కూడా ఆయన దగ్గరే ఉంటుంది. ఆ రోజు ఎఫీ కార్డు ఆయన రాయాలి, ఆయన కార్డు నేను రాయాలి, నా కార్డు ఎఫీ రాయాలి. ఎవరి దెబ్బలు వాళ్లు రాసుకోకూడదు.

శనివారం పొద్దున సన్నటి జల్లు, సముద్రం మీంచి గాలి. ఎఫీ వేపుడు కొట్లో ఆ పూటకి సెలవు చెప్పి వచ్చింది. ఏచిసన్ గారు టోపీ ఎత్తి ఎఫీకి నమస్కరించారు. అబద్ధమెందుకు, ఆయన మాటా నడతా ఎప్పుడూ మెత్తగానే ఉంటాయి. కొట్టేవాడి నీడలో నిలబడరు, తోటివాడి బంతి పోతే ముళ్లపొదల్లో మోకాళ్ల మీద వెతుకుతారు. ఆ రోజు ఎఫీ బంతి కూడా ఒకసారి వెతికిపెట్టారు.

మొదటి నాలుగు హోల్స్ ఎఫీ మళ్లీ తల ఎత్తేస్తూ ఆడింది. రెండో హోల్లో రెండడుగుల నుంచి కూడా తప్పింది. నేను సలహా చెప్పకూడదు. నెట్టా, మిగతా ఇద్దరూ వానకోట్లు వేసుకుని దూరంగా దారి వెంబడి నడుస్తున్నారు. వాళ్లకీ నోరు మెదపొద్దని చెప్పాను. నెట్టా నోరు మూసుకుని ఉండటం ఫ్యాక్టరీలో ఎవరూ చూసి ఉండరు.

అయిదో హోల్ చిన్నది, సముద్రానికి ఎదురుగా ఉంటుంది. ఒకే దెబ్బకి గ్రీన్ మీద పడెయ్యొచ్చు. ముందు నా వంతు. గాలి బాగా ఉంది. నాలుగో నంబరు కర్ర తీసి కొట్టాను, బంతి జెండాకి పదిహేను అడుగుల్లో ఆగింది. ఏచిసన్ గారు అప్పటికే అయిదో నంబరు చేతిలో పట్టుకుని ఉన్నారు. నా దగ్గరకొచ్చారు.

"చక్కగా కొట్టావు మెల్డ్రమ్. ఏ కర్ర అది?"

"నాలుగండీ" అన్నాను.

చెప్పేశాను. తడుముకోలేదు. ఆయన అడిగినట్టు కూడా నాకనిపించలేదు, పలకరించినట్టే అనిపించింది. ఆయన అయిదు సంచిలో పెట్టి నాలుగు తీశారు. బంతి జెండాకి ఆరడుగుల్లో పడింది, తరవాత దెబ్బకి గుంటలోకెళ్లింది. ఆయన కార్డు మీద అయిదో హోల్ ఎదురుగా రెండు అని నేనే రాశాను. ఎఫీ మూడడుగుల దూరంలో నిలబడి ఇదంతా చూస్తూ ఉంది. ముగ్గురిలో ఎవరికీ తప్పు తోచలేదు. ఆ మెత్తదనం అలాంటిది.

ఆరో హోల్ నుంచి ఎఫీ వేరే మనిషైంది. తల ఎత్తలేదు. కొట్టడం, నేలనే చూస్తూ నిలబడటం, బంతి పడిన చప్పుడు విన్నాకే నడవడం. తొమ్మిది హోల్స్ కి నలభై ఆరు. పదకొండో హోల్లో ఇసుకగుంటలోంచి తీసిన బంతి జెండాకర్ర పక్కన వాలింది. నాకు ఫ్యాక్టరీ వెనకున్న ఇసుక పెట్టే కనపడింది, ఆమె వెనక పేర్చిన పెట్టెలు కూడా కనపడ్డట్టయింది. పదిహేను హోల్స్ అయ్యేసరికి డెబ్బై అయిదు దెబ్బలు. మిగిలిన మూడింటికీ కలిపి పదహారు చాలు. ఎప్పుడూ ఆడినట్టు ఆడితే పద్నాలుగుకి అయిపోతుంది. రెండు దెబ్బలు చేతిలో ఉన్నాయి. దారి మీద నెట్టా వేళ్లు లెక్కపెట్టుకోవడం చూశాను. నేనూ వేళ్లు లెక్కపెట్టుకున్నాను. యజమానులతో సమ్మె చర్చలప్పుడు కూడా అన్నిసార్లు లెక్క చూసుకోలేదు.

పదహారో హోల్. ఎఫీ మొదటి దెబ్బ బాగా పడింది. ఏచిసన్ గారి బంతి కుడివైపు గడ్డిలోకి పోతే ఆయన అక్కడ వెతుక్కుంటున్నారు, ఎనభై అడుగుల దూరంలో. ఎఫీ బంతి దగ్గర మేమిద్దరమే. ఎదురుగాలి. ఆమె సంచి మీద చెయ్యి వేసి, జెండా వైపు చూస్తూ, ఏడాదిగా రోజూ అన్న మాటే అంది.

"ఆరా, అయిదా?"

నా నోరు కదల్లేదు. కళ్లు కదిలాయి. అయిదు మీద పడ్డాయి. ఆమె నా కళ్లు చూసింది. అప్పుడు తెలిసింది ఇద్దరికీ, ఏమైందో.

ఏచిసన్ గారు గడ్డిలో వంగి ఉన్నారు. నేను చుట్టూ చూశాను, దొంగలా. తరవాత తల వంచుకుని మెల్లగా అన్నాను.

"ఎవరూ వినలేదు ఎఫీ. కొట్టు."

ఆమె సంచిలోంచి ఆరు తీసింది. కావాలని, నా కళ్లు చూపించింది కాకుండా. ఆరు చాలదని ఆమెకీ తెలుసు. బంతి గ్రీన్ చేరకుండా ముందే పడిపోయింది. అక్కడినుంచి ఒకటి, గ్రీన్ మీద రెండు. మొత్తం అయిదు దెబ్బలకి గుంటలో వేసింది.

ఏచిసన్ గారు పెన్సిలు తీశారు. "అయిదు కదా, మిసెస్ గెడెస్?"

"ఏడండీ."

ఆయన తలెత్తారు. తను లెక్క తప్పానా అని వేళ్లమీద మళ్లీ లెక్కపెట్టారు. ఎఫీ చెప్పింది. రెండో దెబ్బకి ముందు వాట్‌ని కర్ర అడిగాను, అడిగినందుకు రెండు, అని. ఏచిసన్ గారు నావైపు చూశారు, గడ్డి వైపు చూశారు. ఇబ్బంది పడ్డారు, అది నిజం.

"నాకేమీ వినపడలేదే" అన్నారు.

"నాకు వినపడిందండీ" అంది ఎఫీ.

ఆయన ఏడు రాశారు. నా కార్డు ఎఫీ చేతిలోనే ఉంది. నాకూ రెండు కలపమన్నాను, కళ్లతో చెప్పినా చెప్పినట్టే. కలిపింది.

పదిహేడో హోల్‌కి నడుస్తుంటే నాకు ఒళ్లు మండిపోయింది. శిక్ష ఎలాగూ పడింది, అయిదే తీసుకుని ఉంటే ఒక దెబ్బయినా మిగిలేది గదా అన్నాను. ఎఫీ ఆగలేదు, నావైపు తిరగలేదు.

"నీ దగ్గర తీసుకున్న కర్రతో ఇరవైకి దిగితే, చలికాలమంతా ఆ కర్రే కనపడుతుంది నాకు. నోర్మూసుకుని నడువు."

ఎనభై రెండు. మిగిలింది రెండు హోల్స్, తొమ్మిది దెబ్బలు. నాలుగూ అయిదూ. ఒక్కటి ఎక్కువైనా అయిపోయినట్టే.

పదిహేడు చిన్న హోల్, మధ్యలో లోయ. ఎఫీ బంతి ఇసుకగుంటలో పడింది, అంచుకింద. దారి మీద ముగ్గురు ఆడవాళ్లూ నడక ఆపేశారు. ఎఫీ గుంటలోకి దిగింది, కాళ్లు ఇసుకలో ఆనించింది, మెడ వంచింది. ఇసుక ఎగిరింది. బంతి అంచు దాటి గ్రీన్ మీద మెత్తగా పడింది. చప్పుడు విన్నాకే తలెత్తింది. తరవాత రెండు. నాలుగు. ఎనభై ఆరు.

పద్దెనిమిదో హోల్ ఊరి పక్కనే. దాని కుడివైపు బట్టలారేసే ఇనప స్తంభాలుంటాయి. ఈ మైదానం ఊరిదని, దాని మీద బట్టలారేసుకునే హక్కు మా అమ్మమ్మలదని గుర్తుచేసే ఆనవాళ్లు అవే. నెట్టా వాళ్లు అక్కడ స్తంభాలు పట్టుకుని నిలబడ్డారు. అయిదు దెబ్బల్లో ముగించాలి.

మొదటి దెబ్బ తిన్నగా పోయింది. రెండోది కాస్త ఎడమకి. మూడోదానికి ముందు ఎఫీ సంచి మీద చెయ్యి వేసింది, పెదవులు కదిలాయి, చప్పున నోరు బిగించింది. ఆ బిగింపు నేను చూశాను. తనంతట తను ఏడు తీసింది. సరైన కర్రే. బంతి గ్రీన్ మీద పడింది, కానీ జెండాకి చాలా దూరంలో, అవతలి అంచున. అక్కడినుంచి నాలుగో దెబ్బ, వాలు మీద, నలభై అడుగులు. వంగి వంగి వచ్చి గుంటకి ఒక్క గజం దూరంలో ఆగింది.

ఒక్క గజం. చేపల పెట్టెల వెనక ఆ గజం దెబ్బ ఆమె వేలసార్లు వేసింది. జల్లు ఆగింది. ఏచిసన్ గారు జెండా పట్టుకుని కదలకుండా నిలబడ్డారు. ఎఫీ పట్టు సడలించింది, వేళ్లు కర్రని ఆనీ ఆనకుండా ఉన్నాయి. కొట్టింది. తల ఎత్తలేదు, కింద గడ్డినే చూస్తూ చప్పుడు కోసం ఆగింది.

చప్పుడు రాలేదు. బంతి గుంట అంచు చుట్టూ సగం తిరిగి బయటికొచ్చి ఆగింది.

ఆమె ఇంకా నేలనే చూస్తోంది. మేమందరం చూశాం, ఆమె ఒక్కతే చూడలేదు. ఎంతసేపలా ఉందో చెప్పలేను. తరవాత తల ఎత్తి, రెండంగుళాల నుంచి బంతిని లోపలికి తోసింది. తొంభై రెండు.

కార్డులిచ్చే చెక్కగదిలో ఒక బల్ల, దారానికి కట్టిన పెన్సిలు. ఏచిసన్ గారు ఎఫీ కార్డు మీద సంతకం చేసి, దురదృష్టమండీ మిసెస్ గెడెస్, ఆ రెండు దెబ్బలూ మీరే చెప్పుకోవడం గొప్ప సంగతి, వసంతంలో మళ్లీ ప్రయత్నించండి అన్నారు. మనసులోంచే అన్నారు. చలికాలమంతా ఆడకుండా వసంతంలో ఎవరి అంకె దిగుతుందండీ? ఆ మాట ఆయనకి తట్టలేదు.

తరవాత ఆయన తన కార్డు కోసం నావైపు చెయ్యి చాపారు. ఆ కార్డు చూశాను. ఆయన అంకె తీసేస్తే నికరం డెబ్బై. అప్పటికి డెబ్బై ఒకటితో మా ఊరి పోస్ట్‌మన్ ముందున్నాడు. అంటే కప్పు ఏచిసన్ గారిది. నేను సంతకానికి పెన్సిలు ఆనించాను. అప్పుడు అయిదో హోల్ ఎదురుగా రెండు అనే అంకె కనపడింది. ఎఫీ నోట్లో మాట, ఏచిసన్ గారి నోట్లో మాట, రెండూ పక్కపక్కన నిలబడ్డాయి నా తలలో.

"అయిదోది నాలుగండీ" అన్నాను.

ఏమన్నావన్నారు ఆయన. నేను కొట్టాక, మీరు కొట్టకముందు, ఏ కర్ర అని నన్నడిగారు, నేను చెప్పాను, మీరు కర్ర మార్చారు, మీకు రెండు, నాకు రెండు అన్నాను. ఎఫీ చేతిలోంచి నా కార్డు తీసుకుని నా అయిదో హోల్ మూడుని అయిదు చేశాను, ఆయన ముందే. ఆయన మొహం ఎర్రబడింది.

"అది మాట వరసకి అన్నది మెల్డ్రమ్. మర్యాదకి."

"ఈమె అన్నదీ మాట వరసకేనండీ. ఏడాదిగా రోజూ అంటున్న మాట."

ఎఫీ గోడకి ఆనుకుని నిలబడి ఉంది. ఆయన ఆమె వైపు తిరిగి, మీరు విన్నారా అని అడిగారు. ఆమె అవునంది. మీరు అయిదు లోపల పెట్టి నాలుగు తీశారు, నేను చూశాను, అప్పుడు నాకూ తప్పనిపించలేదు అని కూడా చెప్పింది, ఉన్నదున్నట్టు. ఆయన పెన్సిలు వైపు చూశారు. తీసుకోవడానికి చెయ్యి సగం దాకా వచ్చింది. ఆ సగం నేను చూశాను. అప్పుడు మీలో ఇద్దరు గదిలోకొచ్చి ఆయన భుజం తట్టి, డెబ్బై అట గదా, ఇక ఈ ఏడు మీదే అన్నారు. చెయ్యి వెనక్కెళ్లింది. కమిటీ తేలుస్తుంది అన్నారు. నేను సంతకం చెయ్యలేదు. ఆ కార్డు మీద నా సంతకం ఇప్పటికీ లేదు.

బుధవారం మీరు తేల్చారు. మీ ఉత్తరం ఇదిగో నా ముందుంది. 'తోటి ఆటగాళ్ల మధ్య మర్యాదపూర్వక సంభాషణ' అట. 'ఫిర్యాదు చేసినవారూ సాక్షీ ఇద్దరికీ ఈ విషయంలో సొంత ప్రయోజనం ఉన్నది' అట. ఏం ప్రయోజనమయ్యా? ఆయన కార్డు మీద రెండు పెరిగితే ఎఫీ కార్డు మీద ఒక్కటైనా తగ్గుతుందా? నాకు నాలుగు దెబ్బలు పెరిగాయి. ఎవరి మాటయితే తనకే నష్టమో ఆ మాట నమ్మదగినది కాదు, ఎవరి మాటయితే కప్పు తెచ్చిపెడుతుందో ఆ మాట మర్యాద. గురువారం గోడ మీద ఏచిసన్ గారి పేరు ఎక్కింది. రంగు ఇంకా తడిగా ఉండగా చూసొచ్చాను.

కత్తుల బల్ల దగ్గర ఆడవాళ్లకి ఉత్తరం చదివి వినిపించాను. నెట్టా చేప తోక నరికి, ఏచిసన్ గారి పేరు పక్కనే రెండో నాలుగో కూడా బంగారంతో రాయమను, లెక్క సరిపోతుంది అంది. అందరూ నవ్వారు. ఎఫీ నవ్వలేదు. కమిటీకి ఇంకో ఉత్తరం రాస్తాను, నీ రెండు దెబ్బలూ తీసేయమని అడుగుతాను, ఆయనది మర్యాదైతే నీదీ మర్యాదే గదా అన్నాను. అలా అడిగితే తొంభై అవుతుంది, అంకె ఇరవైకి దిగుతుంది, నలుగురూ ఆడొచ్చు. ఆమె కత్తి ఆపింది.

"నావి తియ్యొద్దు. నేనడిగాను. నావి నాకుండనీ." కత్తి మీది పొలుసులు తుడిచి మళ్లీ అంది. "ఆయనవి ఆయనకి ఇవ్వమను."

అంతే. మళ్లీ చేప అందుకుంది.

కమిటీ పెద్దలారా, అక్టోబరు వచ్చేసింది. పోయిన శనివారం ఎనిమిదీ పదికి నలుగురు ఆడవాళ్లు మొదటి దెబ్బ కొట్టే చోటికొస్తే మీ మనిషి గొలుసు అడ్డంగా కట్టి ఇరవై కాగితం చూపించాడు. వాళ్లు వెనక్కెళ్లారు. ఎనిమిదీ ఇరవైకి మీ నలుగురికి అదే గొలుసు తీశాడు. మీరు పన్నెండున్నరకి ముగించారు, డ్యూటీ దిగి వచ్చి నేను గడియారం చూశాను.

ఇక వినండి. ఏచిసన్ గారి కార్డు మీద అయిదో హోల్ ఎదురుగా నాలుగు రాయండి, గోడ మీద పోస్ట్‌మన్ పేరు రాయండి. ఎఫీ గెడెస్ రెండు దెబ్బలూ ఎక్కడున్నాయో అక్కడే ఉంచండి, వాటికి ఆమె వెల చెల్లించేసింది. ఇరవై కాగితం బోర్డు మీంచి చింపండి. నెమ్మదిగా ఆడేవాళ్లని ఆపాలనుంటే గడియారం పెట్టండి, అంకె కాదు. గడియారం ఎవరి మొహమూ చూడదు, మీది కూడా. ఈ శనివారం ఎనిమిదీ పదికి ఆ నలుగురూ వస్తారు. నేనూ వస్తాను. యంత్రాలు ఆ పూట మురికిగానే ఉంటాయి. అప్పటికల్లా ఆ గొలుసు తీసి ఉంచండి.